వేలు వేసే ముందు

మిరప కోతలు మొదలయ్యేనాటికి అద్దంకి చుట్టుపక్కల ఒక రైతు బొటనవేలు ఎన్ని యంత్రాల మీద పడుతుందో లెక్క చూడండి. యూరియా కట్ట కోసం ఎరువుల కొట్లో. ఈ-క్రాప్‌లో పంట నమోదయ్యాక ఈకేవైసీ కోసం రైతు సేవా కేంద్రంలో. రేషను బియ్యానికి డీలరు దగ్గర. ఒకటో తారీఖున పింఛనుకు సచివాలయ ఉద్యోగి ఇంటికి తెచ్చిన పరికరం మీద. పత్తి సీసీఐకి వేయాలంటే 2025 సీజను నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ఆధార్‌తో నమోదు కావాలి. ఇవి చాలక బ్యాంకు మిత్ర దగ్గర వెయ్యో రెండు వేలో తీసుకున్న ప్రతిసారీ ఇంకొక ముద్ర.

వ్యక్తిగత గోప్యత అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో కంప్యూటరు కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో రాత్రంతా వాదించుకునే సంగతని మనవాళ్ల అభిప్రాయం. ‘మా దగ్గర దాచుకోవడానికి ఏముందిలే’ అంటారు. ఖాతాలో ఉన్న కాయల డబ్బు ఉంది కదా! గోప్యత మీద వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, అది అసలు ప్రాథమిక హక్కే కాదని కేంద్రం వాదించింది. 2015 ఆగస్టులో ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపిన ముగ్గురు జడ్జీలకు పెద్ద మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చారు. ఆ తొమ్మిది మందిలోనూ ఆయన ఉన్నారు. ఆ హక్కు పల్లెలో దేనికి పనికొస్తుందో తెలియాలంటే ముందు ప్రమాదం ఎక్కడుందో తెలియాలి.

ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిని ఏఈపీఎస్ అంటారు. దానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, ఏ బ్యాంకో ఆ పేరు, వేలిముద్ర. ఓటీపీ ఉండదు, పిన్ ఉండదు. వీటిలో మొదటిది ఎప్పుడో బయటపడిందనే అనుకోండి. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని అందులో అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రవే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరైన హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైట్ సంగతి బయటపెట్టారు. దాదాపు 1.3 లక్షల మంది ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలు అందులో అందరికీ కనబడేలా ఉన్నాయి. ఇక రెండోది, బ్యాంకు పేరు. ఊరికి ఉండేవే ఒకటి రెండు బ్యాంకులైతే ఎవరికైనా అది ఊహకు అందేదే. కాబట్టి మీ చేతిలో మిగిలింది మూడోది ఒక్కటే.

అది కూడా దొంగిలించారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలకు రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు తీసి, సిమ్‌ల టార్గెట్ కోసం ఆ ముద్రలతో కార్డులు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. అతనికి కావలసింది సిమ్‌లే కాబట్టి అంతటితో ఆగింది. అదే కిటుకుతో తర్వాత వేరేవాళ్లు ఖాతాలే ఊడ్చారు. భూమి పత్రం నలుగురికీ కనబడటం అద్దంకివాళ్లకు కొత్త కాదు. 848 నాటి పండరంగని శాసనంలో ఎనభై పుట్ల నేల దానం ఇచ్చిన సంగతి రాతి మీదే చెక్కించారు. నేల ఎవరిదో లోకానికి తెలియాలి, నిజమే. దాంతోపాటు ఆ మనిషి వేలిముద్ర కూడా ఎందుకు తెలియాలి? ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని అడగాల్సిందే, అడుగుతూనే ఉండాలి. ఈలోగా మన జాగ్రత్త మనది.

చేయకూడనివి

‘సర్వర్ రాలేదు పెద్దమ్మా, ఇంకోసారి వెయ్యి’ అంటే వెంటనే రెండోసారి వేయకండి. కోతకు పోయి వచ్చిన వేళ్లు అరిగి మొదటిసారి పడకపోవడం నిజమే. అబద్ధం ఇమిడిపోయేది కూడా ఆ నిజంలోనే. మొదటి ముద్రకు ఏమైందో తెరమీద చూపించమనండి, చీటీ తీసి ఇమ్మనండి. ఫెయిలైతే ఫెయిలైందని చీటీలోనే ఉంటుంది. నిల్వ చూడటానికీ, డబ్బు తీయడానికీ వేయాల్సింది అదే ముద్ర. తేడా యంత్రం మీద నొక్కిన మీటలో ఉంటుంది. చదువు రానివాళ్లు ఇంట్లో బడికెళ్లే పిల్లనో పిల్లాడినో తీసుకెళ్తే మేలు. పెద్దవాళ్లను మొహమాటపెట్టినంత సులువుగా వాళ్లను పెట్టలేరు.

వీధిలోకి వచ్చి ‘ఉచిత సిమ్’, ‘సర్వే’, ‘గిఫ్టు’ అంటూ వేలిముద్ర అడిగేవాళ్లకు వేయకండి. సిమ్‌కూ, బ్యాంకు ఖాతాకూ ఆధార్ తప్పనిసరి చేయడం చెల్లదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఓటరు కార్డు వంటి వేరే గుర్తింపు చూపించవచ్చు. కొట్టువాడు ‘ఆధార్ లేకపోతే కుదరదు’ అంటే ఇంకో కొట్టుకు వెళ్లండి.

ఆర్టీసీ డిపో దగ్గరైనా తహసీల్దారు ఆఫీసు ఎదురుగానైనా జిరాక్స్ తీయించాక పాడైన కాపీని అక్కడ వదలకండి. వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయించుకుంటే, మీ ఎదుటే ఆ ఫైలు తీసేయమనండి. వట్టి జిరాక్స్ ఇవ్వకుండా దాని మీద అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ‘ఫోటోకాపీలు ఎవరికీ ఇవ్వకండి’ అని ప్రకటించింది. జనం గాభరా పడేసరికి రెండు రోజుల్లో కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. సలహాలో తప్పేమీ లేదు, చెప్పిన తీరే బాగాలేదు.

ఊరి వాట్సాప్ గ్రూపులో లబ్ధిదారుల జాబితా ఆధార్ నంబర్లతో సహా పెట్టకండి, మంచికే అయినా సరే. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించడాన్ని ఆధార్ చట్టంలోని 29వ సెక్షను నిషేధిస్తోంది. ‘పీఎం కిసాన్’ పేరుతోనో ‘చలానా’ పేరుతోనో అదే గ్రూపులోకి వచ్చే ఏపీకే ఫైలును తెలిసినవాళ్లు పంపినా తెరవకండి. వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండి ఉంటుంది.

చేయవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది బయోమెట్రిక్ లాక్. ఆధార్ సైట్‌లోగానీ ఎంఆధార్ యాప్‌లోగానీ తాళం వేస్తే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ ఎక్కడా పనిచేయదు. రబ్బరు వేలు తెచ్చినా అంతే. అవసరమైనప్పుడు కొద్దిసేపటికి మీరే తెరవవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. తాళం వేసిన సంగతి మరిచిపోతే పింఛను రోజు వేలు పడదు, రేషనూ రాదు. అందుకని ఒకటో తారీఖు పొద్దున తెరిచి, పని అయ్యాక మళ్లీ వేయండి. ఇది చేయాలంటే ఆధార్‌కు ఉన్న ఫోను నంబరు ఇప్పటికీ మీ చేతిలో ఉండాలి. ఎప్పుడో పోయిన సిమ్ నంబరో, పెళ్లయి వెళ్లిన కూతురి నంబరో ఉంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోండి. బ్యాంకులోనూ అదే నంబరు ఇవ్వండి. డబ్బు పోయిన సంగతి మెసేజీ ద్వారానే కదా తెలిసేది.

మిరపకాయలు అమ్మిన పెద్ద మొత్తం పింఛను, కూలి డబ్బు పడే ఖాతాలోనే ఉంచకండి. వేరే ఖాతాలో పెట్టి, దానికి ఏఈపీఎస్ లావాదేవీలు నిలిపేయమని బ్యాంకు మేనేజరుకు కాగితం రాసివ్వండి. కాపీ మీద ముద్ర వేయించుకోవడం మరవద్దు. ఎక్కడైనా ఆధార్ చూపించాలంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వండి. ఆధార్ సైట్‌లో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చరిత్ర కనబడుతుంది, అప్పుడప్పుడూ చూడండి. మీరు గడప దాటని రోజు ఎక్కడో ముద్ర పడినట్టు ఉంటే వెంటనే ఆధార్ సంస్థ నంబరు 1947కు ఫోను చేయండి. రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలకు నంబరు 95523 00009. ఫార్వర్డులో వచ్చిన లింకు నొక్కకుండా దీన్ని మీరే ఫోనులో దాచుకోండి.

వివరాలు అడిగిన ప్రతివాళ్లనూ ఎందుకో అడగండి. దేనికి వాడతారో, ఆధార్ బదులు ఇంకేమి చూపించవచ్చో చెప్పడం వాళ్ల బాధ్యత. ఆధార్ నంబరు ఇంకా రానివాళ్లకు వేరే గుర్తింపు చూపి పథకం పొందే వీలు ఆధార్ చట్టం 7వ సెక్షనులోనే ఉంది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పూర్తిగా అమలయ్యేదాకా దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. మన గోప్యత పేరు చెప్పి అధికారులు మస్టర్లు దాచుకునే రోజు వస్తుందేమోనని హక్కులవాళ్లు గొడవ పడుతున్నారు. ఆ గొడవ న్యాయమైనదే.

డబ్బు పోతే

మొదట సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. అదే రోజు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద నష్టం పడకూడదు. పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. నాలుగో రోజు నుంచి ఏడో రోజు లోపు చెబితే కొంత మీరు భరించాలి, ఏడు దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. ‘వేలు మీరే వేశారు కదా’ అని పంపేయాలని చూస్తే ఆ లావాదేవీ ఏ యంత్రం మీద, ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు జరిగిందో రాసి ఇమ్మనండి. ఆ సమయానికి మీరు చేలో కోత కోయిస్తున్నారని చెప్పే సాక్షులు మీకు బోలెడంత మంది ఉంటారు. ముప్పై రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు, నంబరు 14448.