మల్టీమీటరుకు తగిన ఫ్యూజు

స్టార్టరు పెట్టెకు మూడు ఫేజులు సరిగా వచ్చుచున్నవో లేదో చూచుటకు చాలమంది రైతులును, పంచాయతీ మంచినీళ్ల మోటార్ల బాధ్యత గల గ్రామాధికారులును డిజిటల్ మల్టీమీటరును దగ్గర ఉంచుకొనుచున్నారు. మంచి అలవాటే. కాని దానిలోని ఫ్యూజు కాలిపోయినపుడు ఎటువంటిది వేయవలెనో తెలిసికొనక దానిని వాడరాదు.

మీటరుకు వోల్టులు కొలుచుటకు ఒక రంధ్రము, ఆంపియర్లు కొలుచుటకు వేరొక రంధ్రము ఉండును. ఎర్రతీగ వోల్టుల రంధ్రములో నున్నపుడు మీటరు గుండా కరెంటు దాదాపు పారదు. ఆంపియర్ల రంధ్రములో నున్నపుడు మీటరు ఒక రాగి ముక్కతో సమానము. తీగను అక్కడే మరచి రెండు ఫేజుల మీద ఆనించినచో, 415 వోల్టుల లైనును షార్టు చేసినట్లే. అప్పుడు మనలను కాపాడునది ఆ చిన్న ఫ్యూజు ఒక్కటే.

కావున ఆంపియర్లు సరిపోయినవని కొనరాదు. వోల్టులు చూడవలెను. 20 మిల్లీమీటర్ల పొడవు గల గాజు ఫ్యూజుపై సాధారణముగా 250 వోల్టులని ఉండును. లోని తీగ కరగినను, ఆ ఖాళీలో ఆర్కు అను మంట పుట్టి కరెంటు పారుచునే యుండును. గాజు పగిలి మీటరు చేతిలోనే ప్రేలవచ్చును. 100 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు ప్రక్కనే షార్టు అయినచో 3 వేల ఆంపియర్లు దాటవచ్చును. గాజు ఫ్యూజులలో కొన్ని 35 ఆంపియర్లనో, తమపై వ్రాసిన ఆంపియర్లకు పదిరెట్లనో, ఏది ఎక్కువైన అంతవరకే ఆపుటకు హామీ గలవి.

మంచి మీటర్లలో ఇసుక నింపిన పింగాణి ఫ్యూజు ఉండును. ఇసుక వేడిని పీల్చి ఆర్కును చంపును. 1000 వోల్టులు, 11 ఆంపియర్లు అని ఒకటి, 440 మిల్లీ ఆంపియర్లు అని ఇంకొకటి అనేక మీటర్లలో వాడుకలో నున్నవి. ఒక్కొక్కటి చౌక మీటరంత ధర పలుకును. అయినను మీటరు వెనుక ముద్రించిన వోల్టులు, ఆంపియర్లు, పొడవు తప్పక అదే కొనవలెను. కటౌటుకు చుట్టు రాగితీగను ఇందులో ఎన్నడును పెట్టరాదు.

సోలారు పంపు గలవారు మరింత జాగ్రత్త పడవలెను. ఎ.సి. కరెంటు సెకనుకు 100 మార్లు సున్నకు వచ్చును గనుక ఆర్కు ఆరుటకు వీలున్నది. డి.సి.కి ఆ వీలు లేదు. ఫ్యూజుపై డి.సి. వోల్టులు వేరుగా వ్రాసి యుండవలెను.

కొన్ని చౌక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రమునకు ఫ్యూజే లేదు. ప్రక్కన ‘అన్‌ఫ్యూజ్డ్’ అని వ్రాసి యుండును. అది బ్యాటరీలకే గాని స్టార్టరు దగ్గరకు తీసికొనిపోదగినది కాదు. మోటారు ఆంపియర్లకు టాంగ్ టెస్టరే మేలు. 5 హార్సుపవరు మోటారు నడచునపుడు 7, 8 ఆంపియర్లే తీసికొనినను, బయలుదేరునపుడు దానికి అయిదారు రెట్లు లాగును. మీటరును లైనులో కలిపినచో ఫ్యూజు పోవును.

ఫ్యూజు బాగున్నదో లేదో చాల మీటర్లలో విప్పకయే తెలియును. నల్లతీగను తీసివేసి, మీటరును ఓముల మీద ఉంచి, వోల్టుల రంధ్రములోని ఎర్రతీగ కొనను 10 ఆంపియర్ల రంధ్రములో ఆనించవలెను. ఒక ఓముకు లోపుగా చూపినచో బాగున్నట్లు; అంకె రానిచో కాలినట్లు. వెనుక మూత విప్పుటకు ముందు రెండు తీగలను మీటరు నుండి పూర్తిగా ఊడదీయవలెను.