సూదికి అప్పగించేవీ, అప్పగించనివీ

చిన్నమనూరులో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వైద్యం సంగతి ఏ భాషలో చెప్పినా వింటాం. మందు మింగక్కర్లేదంటే ఇంకా బాగా వింటాం. అక్యుపంక్చర్‌కు వెళ్ళే మనవాళ్ళ కోసం నాకు తెలిసినవి రాస్తున్నాను.

1. "రోగ నిరోధక శక్తి పెంచుతాం" అన్నవాణ్ణి, ఏది పెంచుతావయ్యా అని అడగండి. ఎంత నింపితే అంత మేలనుకోవడానికి అది తొట్టిలో నీళ్ళు కాదు. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ఆ శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద పడుతుంది. వాళ్ళకు దాన్ని అణిచే మందులే ఇస్తారు.

2. మోకాలిచిప్పకు నాలుగు వేళ్ళ కింద, ముంగాలి ఎముకకు కాస్త బయటివైపు ఒక చోటుంది. చైనావాళ్ళు జుసాన్లీ అంటారు. సత్తువ కోసం వెళ్తే సాధారణంగా అక్కడ గుచ్చుతారు. 2021లో హార్వర్డ్‌లోని చ్యూఫు మా బృందం చుంచెలుకలకు బాక్టీరియా విషం ఎక్కించి, వెనక కాలిలో ఆ చోట సూదితో సన్నని కరెంటు ఇచ్చి చూసింది. కబురు కాలి నరం నుంచి మెదడుకు, అక్కణ్ణుంచి వేగస్ నరం గుండా అడ్రినల్ గ్రంథికి వెళ్ళింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది. అంతే కరెంటు పొట్టమీద ఇస్తే ఆ దారి తెరుచుకోలేదు. అంటే గుచ్చే చోటుకు ఒక లెక్క ఉందన్నమాట. అయితే అక్కడ జరిగింది పెంచడం కాదు, చల్లార్చడం. అదీ ఎలుకలో. మనిషికి జలుబు రాకుండా కాపాడుతుందని దీన్నిబట్టి చెప్పడానికి లేదు.

3. నొప్పికీ వికారానికీ వెళ్ళండి. ఆపరేషన్ తరువాత, కీమోథెరపీ తరువాత వచ్చే వాంతులకు పనిచేస్తుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిపించిన నిపుణులు చెప్పారు.

4. సూది పొట్లం మీ కళ్ళముందే చింపాలి, వాడాక పారేయాలి. ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి అంటుకోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు ముందే చెప్పాలి. ఛాతీమీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. సూది లేకుండా వేలితో తాకే పద్ధతీ మన వైపు ఉంది. దానికి ఈ భయాలు లేవు. పైన చెప్పిన ఎలుకల సాక్ష్యమూ దానికి చెల్లదు.

5. ముల్లైపెరియారు నీళ్ళు వదిలాక మడిలో దిగినవాళ్ళకు జ్వరమొచ్చి పిక్కలు పీకితే ఎలుక జ్వరం కావచ్చు. అప్పుడు కావలసింది రక్త పరీక్ష. "నాలుగు సిట్టింగులు చూద్దాం" అంటే లేచి వచ్చేయండి. షుగర్ మాత్ర మానెయ్యమన్నా అంతే. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ వైద్యాన్ని గుర్తించిన మాట నిజమే. తక్కినవి మానెయ్యమని మాత్రం చెప్పలేదు.

6. రోగ నిరోధక శక్తికి పాఠం నేర్పే సూది వేరే ఉంది, టీకా. అరవై దాటినవాళ్ళు ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి.