సాహసం అన్నావు గనుక

మాధవీ,

ఉద్యోగం మానేసి స్నేహితురాలి చీరల వ్యాపారంలో భాగస్వామిగా చేరుతున్నానని, వచ్చే శుక్రవారమే సంతకాలని రాశావు. "సాహసం చేస్తున్నా పెదనాన్నా" అన్నావు. ఆ మాట దగ్గరే ఆగిపోయానమ్మా.

సంస్కృతంలో 'సహసా' అంటే ముందువెనకలు చూసుకోకుండా, ఉన్నపళంగా అని. మనుస్మృతిలో సాహసం ఏకంగా నేరం, దౌర్జన్యం. జరిమానాల మెట్లకూ అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమం 500, ఉత్తమం 1000. ధైర్యమనే అర్థమూ ఉంది గానీ మన వాడుకలో దాదాపు అదొక్కటే నిలిచింది. తొందరపాటు అంటే తప్పు చేసినట్టు వినపడుతుంది, దుడుకు అంటే తిట్టినట్టుంటుంది. అందుకే మన తొందరకు మనమే సాహసమని పేరు పెట్టుకుంటాం. నువ్వూ అదే చేశావేమోనని నా భయం.

భారవి కిరాతార్జునీయం చదవగలిగితే రెండో సర్గ చదువు. ద్వైతవనంలో ద్రౌపది అప్పటికే రెచ్చగొట్టి ఉంటుంది, భీముడు ఇప్పుడే యుద్ధానికి పోదామంటాడు. ధర్మరాజు తమ్ముణ్ణి కసరడు. ముందు అతని మాటతీరు మెచ్చుకుంటాడు, ఆ తర్వాతే సహసా ఏ పనీ చేయవద్దంటాడు. యుద్ధమే వద్దని కాదు, అదను రావాలని. అంతలో వ్యాసుడొచ్చి అర్జునుణ్ణి తపస్సుకు పంపే దారి చూపాడు. పాశుపతం దొరికింది అలా ఆగినందువల్లనే.

నేనూ నిన్ను వ్యాపారం వద్దనడం లేదు తల్లీ. చీరల మీద నీకున్న చూపు నాకు తెలుసు. కానీ 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, సంస్థ కోసం ఆ అమ్మాయి చేసిన అప్పుకు నువ్వూ పూర్తిగా బాధ్యురాలివి. పెట్టిన డబ్బుతో పోదు, నీ సొంత ఆస్తి మీదికీ వస్తుంది. 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీగా పెట్టుకుంటే మామూలుగా పెట్టుబడి వరకే బాధ్యత. ఈ సంగతి మీ ఇద్దరూ మాట్లాడుకున్నారా? కొట్టు పాత లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు బాకీ చూశావా? రేపు విడిపోవాల్సి వస్తే సరుకు ఎవరిదో డీడ్‌లో ఉందా? స్నేహితురాలిని ఇవన్నీ అడగడం మొహమాటమే. అయినా అడగాలి. ఇప్పుడు అడిగితే స్నేహం నిలుస్తుంది.

శ్రావణమాసం అమ్మకాలు పోతాయని శుక్రవారం పెట్టారేమో. పోనీ. వెనకే దసరా, దీపావళి ఉన్నాయి.

డీడ్ నకలు నాకు పంపు, మన ఆడిటరు గారికి చూపిస్తాను. ఆయన చదివి చెప్పేదాకా ఆఫీసులో రాజీనామా ఇవ్వకు.

నీ పెదనాన్న