పనీరు: తూకమా, కొలతా?

సాంద్రత అను మాటను మనము హైస్కూలులో నేర్చుకొని, పరీక్షలో వ్రాసి, అచ్చటనే విడిచి వచ్చెదము. అట్లు విడిచి వచ్చినందున ఒక రంజాను పండుగనాడు మా ఇంట జరిగిన నష్టమే ఈ వ్యాసమునకు ప్రేరణ.

మా చెల్లెలు వంటపుస్తకము చూచి పనీరు జామూన్లు చేయ సంకల్పించినది. 400 గ్రాముల పనీరునకు 50 గ్రాముల మైదా కలుపవలెనని అందులో ఉన్నది. మైదాను అంగడిలో తూకము వేయించి తెచ్చినది. ఇంట త్రాసు లేనందున, పాలు విరిచి చేసిన పనీరును చిదిమి, 200 మిల్లీలీటర్ల గ్లాసుతో రెండు గ్లాసులు కొలిచి, 400 గ్రాములైనదని తలచినది. జామూన్లు గోలీలవలె గట్టిపడినవి. అతిథుల యెదుట ఆమె తల వంచుకొన్నది. మరునాడు త్రాసు అరువు తెచ్చి తూచగా, గ్లాసు పనీరు 110 గ్రాములే తూగినది. అనగా పిండి పాలు దాదాపు రెట్టింపైనది.

పొరపాటు ఎచ్చట? ఒక మిల్లీలీటరు ఒక గ్రామగుట నీటికి చెల్లు నియమము. గ్లాసు కొలుచునది ఘనపరిమాణమును. త్రాసు తూచునది ద్రవ్యరాశిని. ఈ రెంటిని కలుపు వంతెన సాంద్రత. పనీరు ముద్ద నీటిలో మునుగును. కావున దాని సాంద్రత నీటికంటె కొంచెము అధికమే. కాని చిదిమినప్పుడు పలుకుల నడుమ గాలి చేరును. గ్లాసులో సగముమేర మనము కొలిచినది ఆ గాలినే.

మన పెద్దలు ఈ భేదమును ఎరుగుదురు. గిద్ద, సోల, తవ్వ, మానిక, పడి కొలపాత్రలు. తులము, పలము, వీశె తూనికలు. తులము సుమారు 11.66 గ్రాములు, 120 తులముల వీశె సుమారు 1.4 కిలోగ్రాములు. 1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోనికి వచ్చినవి. పేర్లు మారినను భేదము మారలేదు. నేడును పాలు లీటర్లలో, పెరుగు ప్యాకెట్టు గ్రాములలో లభించును. పెరుగు సాంద్రత సుమారు 1.03 గనుక 500 గ్రాముల పెరుగు సుమారు 485 మిల్లీలీటర్లగును.

ఫిత్రా దానమునకు మూలమైన ‘సా’ కూడ కొలపాత్రయే. ఖర్జూరము, బార్లీ, ఎండుద్రాక్షలతోపాటు ఎండబెట్టిన పెరుగుముద్దయు ఆ కొలతలో చెప్పబడినది. పాత్ర ఒక్కటే, నింపిన వస్తువును బట్టి తూకము మారును. కనుకనే దానిని కిలోలలోనికి మార్చునప్పుడు ఏ వస్తువు అని ముందుగా అడుగవలెను.

ఇంట చేయదగిన ప్రయోగ మిది:

1. ఖాళీ గ్లాసును తూచవలెను.
2. దానిని నీటితో అంచువరకు నింపి మరల తూచవలెను. పెరిగిన గ్రాములే ఆ గ్లాసు పట్టు మిల్లీలీటర్లు.
3. నీరు పారబోసి, తుడిచి, పనీరును నొక్కక నింపి, పైభాగమును చదును చేసి తూచవలెను. గ్లాసు బరువు తీసివేసి, మిగిలినదానిని మిల్లీలీటర్లతో భాగించవలెను.
4. అట్లే నొక్కి నింపి, వేరుగా లెక్కించవలెను.

మా ఇంట వదులు పనీరునకు 0.55, నొక్కినదానికి 0.95 వచ్చినది. ఈ లెక్కన 400 గ్రాములకు వదులుగానైన 727 మిల్లీలీటర్లు, అనగా మూడున్నర గ్లాసులకు కొంచెము పైన. నొక్కి నింపినచో 421 మిల్లీలీటర్లు, రెండు గ్లాసులకు కొంచెము అధికము. తేమను బట్టి, చిదిమిన తీరును బట్టి ఈ అంకెలు మారును గనుక ఎవరి గ్లాసుతో వారే కొలిచి చూచుకొనుట మేలు. విదేశీ పుస్తకములలోని ‘కప్పు’ కూడ ఒక్కటి కాదు. అమెరికాలో సుమారు 237, ఆస్ట్రేలియాలో 250 మిల్లీలీటర్లు.

బక్రీదు నాటికి మా చెల్లెలు ఈ అంకెలను కాగితముపై వ్రాసి అలమారు తలుపునకు అంటించి, మరల జామూన్లు చేసినది. అవి మెత్తగా వచ్చినవి. సోదర విద్యార్థులారా! పుస్తకములోని సూత్రము మార్కుల కొరకు మాత్రమే కాదు. దానిని ఇంటికి తీసికొని పోయిననాడే మనము చదివినట్లు.