జెండా మీద భూగోళం

ఐక్యరాజ్యసమితి జెండాను మీరు పుస్తకాల్లో చూసే వుంటారు. లేతనీలం గుడ్డ మీద తెల్లని ప్రపంచపటం, దానికి రెండువైపులా ఆలివ్ కొమ్మలు. ఆ పటంలో మనదేశం ఎక్కడుందో వెతికారా? మా తరగతిలో ఏటా ఒకరైనా "మాస్టారూ, పటం తప్పు వేశారండీ" అంటారు. తప్పేమీ లేదు. గోడపటంలా కాక, ఉత్తర ధ్రువానికి సరిగ్గా పైనుంచి చూస్తున్నట్లు గీసిన పటమది.

గుండ్రని భూమిని బల్లపరుపుగా పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. బత్తాయి తొక్కను చిరగకుండా పరచబోతే మీకే తెలుస్తుంది. మరి అన్ని దేశాలకూ చెందే పటంలో మధ్యచోటు ఎవరికివ్వాలి? ధ్రువానికిస్తే పేచీ లేదు, అది ఏ దేశానిదీ కాదు గనుక.

అయినా చిక్కులు వచ్చాయి. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాల ప్రతినిధులు సమావేశమైనప్పుడు, వారు కోటుకు పెట్టుకునే బిళ్ళ కోసం డోనల్ మెక్‌లాఫ్లిన్ అనే అమెరికన్ భవనశిల్పి ఇలాంటి పటమే గీశాడు. అందులో ఆతిథ్యమిచ్చిన అమెరికాకే ప్రముఖస్థానం దక్కింది. పైగా పటం 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గరే ఆగిపోయింది. అట్లాసు తెరిచి చూడండి. అర్జెంటీనా, చిలీల దక్షిణ భాగాలు, న్యూజిలాండులో సగానికి పైగా ఆ గీతకు అవతలే వున్నాయి. న్యూజిలాండు ప్రతినిధులు ఆ సభలోనే కూర్చున్నారు!

1946 డిసెంబరు 7న జనరల్ అసెంబ్లీ సవరించిన చిహ్నాన్ని ఆమోదించింది. పటాన్ని తిప్పి, గ్రీనిచ్ రేఖ నిలువుగా కిందికి, అంతర్జాతీయ దినరేఖ పైకి వచ్చేలా చేశారు. 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా పొడిగించారు. ఆ చిహ్నంతోనే 1947 అక్టోబరు 20న జెండా ఆమోదం పొందింది.

ఇప్పుడు కంపాసు తీయండి. ఒకే కేంద్రం నుంచి 1, 2, 3, 4, 5 సెంటీమీటర్ల వ్యాసార్థాలతో వలయాలు గీయండి. కేంద్రం ఉత్తర ధ్రువం. ఒక్కొక్క సెంటీమీటరు 30 డిగ్రీలు. మొదటి వలయం 60 ఉత్తర అక్షాంశం, మూడోది భూమధ్యరేఖ, అయిదోది 60 దక్షిణ అక్షాంశం. గ్లోబు మీద దారంతో కొలిస్తే మొదటిదీ అయిదోదీ సమానం. మీ కాగితం మీద మాత్రం అయిదోది అయిదు రెట్లు! అందుకే దక్షిణ దేశాలు అడ్డంగా సాగి కనిపిస్తాయి. ధ్రువం నుంచి దూరాలు మాత్రం సరిగ్గా వుంటాయి.

ఆరో వలయం గీస్తే? అదే దక్షిణ ధ్రువం. ఒక్క బిందువు అన్నిటికన్నా పెద్ద వలయమైపోతుంది. అంటార్కిటికా అంచు చుట్టూ పట్టీలా పరుచుకుంటుంది. అక్కడ స్థిరంగా కాపురముండే జనం లేరు గనుక 60 దగ్గర ఆపినా ఎవరి ఊరూ పోలేదు.

ఇక విజయవాడను గుర్తించండి. దాని అక్షాంశం 16.5 ఉత్తరం, అంటే ధ్రువం నుంచి 73.5 డిగ్రీలు, మీ కాగితంపై 2.45 సెంటీమీటర్లు. రేఖాంశం 80.6 తూర్పు. కిందికి దిగే గ్రీనిచ్ రేఖ నుంచి కుడివైపుకు కోణమానినితో 80.6 డిగ్రీలు కొలిచి చుక్క పెట్టండి. తర్వాత మీ ఊరు.