బలపం కన్నా ముందు వేలు

మూడున్నరేళ్ళ పిల్లకు ఎల్‌కేజీలో పేజీ నిండా అ, ఆ రాసుకు రమ్మని హోంవర్క్ ఇస్తున్నారు. గద్వాలలోనూ అంతే, వనపర్తిలోనూ అంతే, నాగర్‌కర్నూల్‌లోనూ అంతే. రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గీయిస్తుంది. పిల్ల ఏడుస్తుంది. పేజీ నిండుతుంది గానీ, రాసింది అమ్మ చెయ్యి. ఈ ఏడుపు అక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

అది మొండితనం కాదమ్మా. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒకటొకటిగా గట్టిపడుతూ వస్తాయి. ఆఖరిది గట్టిపడే వేళకు పిల్లకు 8 ఏళ్ళు దాటుతాయి, కొందరికి 12 కూడా వస్తాయి. మూడేళ్ళ వయసులో చాలామంది పిల్లలు చూసి సున్నా చుట్టగలరు. నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఐదేళ్ళకు త్రికోణం వస్తాయి. త్రికోణమే కుదరని చేతిని మనం మెలికల మీద మెలికలున్న ‘ఇ’, ‘ఈ’ రాయమంటున్నాం. మన అక్షరమాల వరుస ధ్వనిని బట్టి పెట్టింది, గొంతు నుంచి పెదాల దాకా వస్తుంది. వల్లె వేయడానికి అంతకన్నా చక్కని వరుస లేదు, దాన్ని పాటలాగా పాడించండి. రాయించడానికి మాత్రం సులువైన గీతలతో మొదలుపెట్టండి.

అసలు రాత ఎలా మొదలవ్వాలో మన పెద్దవాళ్ళకు తెలుసు. వసంత పంచమికో విజయదశమికో బాసరలోనో, మన అలంపురం జోగులాంబ గుడిలోనో, ఇంట్లోనో అక్షరాభ్యాసం చేస్తాం. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలితో రాయిస్తాం. అక్కడ పెన్సిలు లేదు, రెండు గీతల మధ్య ఇమిడించాలన్న బెంగ లేదు, తప్పు వస్తే అరచేత్తో సర్దేస్తే సరి. ఆ పళ్ళెం ఒక్కరోజు పూజతో అటకెక్కకూడదని నా మాట. ఆరు నెలలు వాడండి. బియ్యం వద్దనుకుంటే తుంగభద్ర ఒడ్డు ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి వెడల్పాటి పళ్ళెంలో పోయండి.

ఈ పద్ధతి సముద్రాలు దాటి వెళ్ళింది కూడా. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి చూసుకున్న ఆండ్రూ బెల్ అనే దొర, దగ్గర్లోని ఒక వీధిబడిలో పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ చిన్నపిల్లలకు అదే పెట్టించాడు. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి నేర్పే పద్ధతిని దానికి జోడించి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండు బడుల్లో దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. మనం మాత్రం ఇసుక వదిలేసి నాలుగు గీతల నోటుబుక్కు పట్టుకున్నాం.

ఇసుక పళ్ళెంలో మొదట ‘గ’ పెట్టండి. ఒక వంపు, పైన తలకట్టు, అంతే. తర్వాత ‘ర’. సున్నా చుట్టి తలకట్టు పెట్టడమే. దాని కడుపులో చుక్క పెడితే ‘ఠ’ అవుతుంది, పిల్లలకు అదొక ఇంద్రజాలం. ‘వ’ వచ్చాక పక్కన కొమ్ము చేరిస్తే ‘మ’. రోజుకు పది నిమిషాలు చాలు. బస్టాండులో ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు బోర్డు చూపించి ‘గ ఎక్కడుందో పట్టుకో’ అనండి. గద్వాల బస్సు ‘గ’తో, వనపర్తి బస్సు ‘వ’తో వస్తాయి. ఊరి పేరులో తాను రాసిన అక్షరం దొరికిందంటే ఆ పిల్ల ఇంక వదలదు, గోడ మీది ప్రకటనల్లోనూ అదే వెతుకుతుంది.

వేళ్ళకు బలం వచ్చే పని మన ఇళ్ళలో బోలెడుంది. పల్లికాయలు ఒలిచేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు చేసే పనే పెన్సిలు పట్టినప్పుడూ చేయాలి. కాయలు నాలుగు పిల్ల ముందు పోయండి. (మరీ చిన్నవాళ్ళయితే గింజ గొంతులో పడకుండా పక్కనే కూర్చోండి.) జొన్నరొట్టె చేసేటప్పుడు చిన్న ముద్ద ఇచ్చి తట్టనివ్వండి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు నాలుగు చుక్కలు వదిలి కలపమనండి. మగపిల్లలకూ ముగ్గు నేర్పండి, అందులో సిగ్గేమీ లేదు.

‘నాకే చదువు రాదు, నేనేం నేర్పను’ అనే తల్లులకు ఇది ముఖ్యంగా చెప్పాలి. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత దాదాపు 50 శాతం, రాష్ట్రంలోకెల్లా తక్కువ. అమ్మానాన్నలు హైదరాబాదుకో ముంబైకో పనికి పోతే పిల్లలు అవ్వ దగ్గరే పెరిగే ఇళ్ళు పాలమూరులో ఎన్నో. ఆ అవ్వకు ముగ్గు వచ్చు, కథ వచ్చు, పల్లికాయలు ఒలిపించడం వచ్చు. బడి నుంచి రాగానే ‘ఈ రోజు ఏం రాసినవ్, నాకు జెప్పు బిడ్డా’ అని పలక ముందు కూర్చుంటే చాలు. అవ్వకు నేర్పుతూ పిల్ల తాను నేర్చుకుంటుంది. ఇంట్లో అక్క ఉంటే చిన్నదానికి అక్కను మించిన పంతులమ్మ లేదు. సీడ్ పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ రోజుల్లో ఆ అక్కను బడి మానిపించి చేనుకు తీసుకుపోకండి. దయచేసి తీసుకుపోకండి. ఆ ఇంట్లో ఇద్దరి చదువు ఆగిపోతుంది.

తండాల్లో లంబాడీ, రాయచూరు సరిహద్దు ఊళ్ళలో కన్నడం మాట్లాడే ఇళ్ళున్నాయి. అక్కడి పిల్ల అక్షరంతో పాటు తెలుగు భాషనూ కొత్తగా నేర్చుకుంటోంది. ఆ పిల్లకు మొదటి మాట ఇంటి మాటే కావాలి. తండా పిల్లకైతే ‘యాడి’ (అమ్మ) అని తెలుగు లిపిలో రాసి చూపించండి. రోజూ పిలిచే అమ్మ పలక మీద కనబడితే ఆ గీతలకు అర్థముందని పిల్లకు తెలుస్తుంది.

కొన్ని విషయాల్లో కంగారు పడకండి, కొన్నింట్లో ఆలస్యం చేయకండి. ఎడమచేత్తో రాసే పిల్లను కొట్టి కుడిచేతికి మార్చవద్దు. పది మందిలో ఒకరు అలాగే పుడతారు. పలకను కాస్త ఎడమవైపుకు జరిపి, కుడికి వాల్చి పెట్టండి, రాసింది చేతి కింద చెరిగిపోదు. బలపం కొరికి తినే పిల్లను తిట్టి ఊరుకోకండి, రక్తం తక్కువైన పిల్లల్లో ఈ అలవాటు కనిపిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి రావడం ఆరేళ్ళ దాకా మామూలే. ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా, సరైనది పక్కన రాసి పెట్టండి. ఏడేళ్ళు దాటినా తిరగబడుతూనే ఉండి, చదవడంలోనూ బాగా తడబడుతుంటే ముందు టీచరుతో మాట్లాడండి. ఆ తర్వాత మీ మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్ళండి, ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లు అక్కడ చూస్తారు.