నలుసు ఖరీదెంత?

అనకాపల్లి నుండి బస్సులో విశాఖపట్నం వచ్చేవారికి కూర్మన్నపాలెం దాటిన తర్వాత, గాజువాక దగ్గరపడుతుండగా, రోడ్డు పక్క షెడ్లలో నీలిరంగు మెరుపులు కనబడుతూ ఉంటాయి. ఇంటర్మీడియట్ పాసై మొదటిసారి ఈ ఊరు వస్తున్నప్పుడు నేను కిటికీ పక్కన కూర్చుని వాటినే చూస్తున్నాను. పక్కనున్న పెద్దాయన "ఒరే బాబూ, అటు సూడకు, కళ్ళు పోతాయి" అన్నాడు. దూరం నుండి చూసిన నా కళ్ళే పోయేటట్లయితే, దాని ముందే గొంతుక్కూర్చుని రోజుకు పది గంటలు పనిచేసేవాడి మాటేమిటి? ఆ ప్రశ్న ఆ పూట నాకు తోచలేదు. తోచడానికి రెండేళ్ళు పట్టింది.

ఈ వ్యాసంలో కొంత ఫిజిక్సు, కొంత చట్టం, కొంత లెక్కలు ఉన్నాయి. ఫిజిక్సు ఒక్కటే నేను క్లాసులో చదివింది. మిగతా రెండూ అవసరం కొద్దీ నేర్చుకున్నవి.

ఆ అవసరం ఇది. మా పెదనాన్న కొడుకు ఆటోనగర్ వైపు ఒక చిన్న ఫాబ్రికేషన్ షెడ్డులో హెల్పరు. నాకంటే మూడు నెలలు పెద్ద, అంచేత అన్న. గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు తొట్లు చేస్తారక్కడ. ఓనరుతో కలిపి ఆరుగురు మనుషులు. ఒక శనివారం సాయంత్రం గ్రైండింగు చేస్తూండగా అన్న ఎడమ కంట్లో నలుసు పడింది. నీళ్ళు కొట్టుకున్నాడు, పోలేదు. తోటి పనివాడు అగ్గిపుల్లకి దూది చుట్టి తీయబోయాడు. అదీ కాలేదు. "ఏటీ అవదొరే, అదే పోతాది" అన్నారందరూ. సోమవారం ఎర్రటి కన్నుతోనే పనిలోకి వెళ్ళాడు. మంగళవారం రాత్రి నా గదికి వచ్చేసరికి కన్ను తెరవలేకపోతున్నాడు. బుధవారం ఉదయం ఇద్దరం వాల్తేరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఓ.పి. చీటీ కోసం వరసలో నిలబడ్డాం.

ఆ వరసలో నిలబడి నేను చేసిన లెక్క ఒకటి చెబుతాను. చేతి గ్రైండరుకు వేసే నాలుగంగుళాల డిస్కు వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు. అది నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. చుట్టుకొలతను చుట్లతో హెచ్చవేస్తే డిస్కు అంచు వేగం సెకనుకు 57 మీటర్లు, అనగా గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. ఇనప రజను ఆ అంచు నుండే లేస్తుంది. ప్రమాదం కనబడగానే మన రెప్ప మూతపడడానికి సెకనులో పదోవంతు పడుతుంది. ఆ పదోవంతులో రజను ఐదు మీటర్లకు పైగా పోగలదు. డిస్కుకూ మొహానికీ మధ్య దూరం అర మీటరు! "కంటిని రెప్ప కాపాడును" అని మనం చిన్నప్పటి నుండి చదువుకున్న మాట పొలంలో దుమ్ముకు సరిపోతుంది గానీ గ్రైండరుకు సరిపోదు.

నలుసు దిగేది శుక్లపటలంలో, అంటే కార్నియాలో. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొర అది. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు చిల్లర, అంతే. రక్తనాళాలు ఉండవు, ఉంటే వెలుతురు పోదు. నరాల కొసలు మాత్రం శరీరంలో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. అందుకే ఆవగింజలో పదోవంతు నలుసుకు మనిషి విలవిల్లాడిపోతాడు. పై పొర మాత్రమే గీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది. కానీ ఇనప నలుసు కన్నీటి తడికి కొన్ని గంటల్లోనే తుప్పు పడుతుంది. ఆ తుప్పు నలుసు చుట్టూ వలయంలా కార్నియాలోకి ఇంకుతుంది. నాలుగు రోజులు ఉంచుకున్న అన్న కంట్లో తుప్పుతో పాటు చీము కూడా పట్టింది. డాక్టరుగారు స్లిట్ లాంపు ముందు కూర్చోబెట్టి, మొద్దుబారే చుక్కలు వేసి, సూది మొనతో నలుసు తీశారు. తీయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడక్కడ చిన్న మచ్చ ఉంది. ఆ కంటితో చార్టులో 6/24 గీత వరకే చదవగలడు. ఆరు మీటర్ల దూరాన ఉన్న అక్షరం అతనికి, మంచి కన్ను ఇరవైనాలుగు మీటర్ల నుండి చూసినట్లు కనబడుతుందన్న మాట.

మా ఊళ్ళో ఆ మచ్చను "పువ్వు" అంటారు. మా నాన్నకి కుడి కంట్లో పువ్వుంది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చెరకు ఆకు అంచు కంటిని గీసింది. చనుబాలు పోశారు, తర్వాత మెడికల్ షాపువాడిచ్చిన చుక్కలు వేశారు. ఆకు, ఊక, గడ్డి గీసిన కంట్లో బూజు జాతి క్రిములు పెరగడం మన దేశపు పల్లెల్లో తరచు జరిగేదే. ఇలాంటి పుండు మీద స్టీరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపూ నొప్పీ తగ్గినట్లే తగ్గి లోపల క్రిమి విజృంభిస్తుంది. నాన్న కంట్లో వేసినవి ఏ చుక్కలో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. అంచేత పొలం సురక్షితం, ఫ్యాక్టరీ ప్రమాదం అని నేనడం లేదు.

ఇక వెల్డింగు. ఆర్క్ నుండి మనకు కనబడే వెలుగుతో పాటు కనబడని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. వీటిని కార్నియా పై పొర పీల్చుకుంటుంది. విచిత్రమేమిటంటే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. ఆరు నుండి పన్నెండు గంటల తర్వాత, సాధారణంగా అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్లు ఉంటుంది. పనివాళ్ళు "ఆర్క్ కొట్టింది" అంటారు. బంగాళాదుంప ముక్కలు కళ్ళ మీద పెట్టుకుని పడుకుంటారు. చల్లదనానికి కొంత ఉపశమనం ఉండవచ్చు. అసలు ప్రమాదం మొద్దుబారే చుక్కలు కొని దగ్గర ఉంచుకోవడంలో ఉంది. అవి నొప్పిని తెలియకుండా చేస్తాయి, మళ్ళీ మళ్ళీ వేస్తే పుండును మాననివ్వవు. డాక్టరు ఒక్కసారి వేసే మందు వేరు, జేబులో పెట్టుకు తిరిగే మందు వేరు.

వెల్డరు పట్టుకునే నల్లద్దానికి ఒక నెంబరు ఉంటుంది. ఆర్క్ పనికి సాధారణంగా 10 నుండి 13 వరకు వాడతారు. ఈ నెంబర్లు లాగరిథమ్ లెక్క ప్రకారం పెట్టినవి. ఆ సూత్రంతో కడితే 11వ నెంబరు అద్దం వెలుగులో సుమారు ఇరవై వేల వంతుల్లో ఒక వంతునే పోనిస్తుంది. బజారులో దొరికే కూలింగ్ గ్లాసులకు దీనితో పోలికే లేదు. ఇంకొక సంగతి. అద్దం వెల్డరు చేతిలో ఉంటుంది. ముక్కను పట్టుకుని ఎదురుగా కూర్చునే హెల్పరు చేతిలో ఏమీ ఉండదు. అతను చేసేదల్లా మొహం పక్కకు తిప్పుకోవడం!

మరి అద్దాలు పెట్టుకోరేం? "చదువులేక" అని తేలిగ్గా అనేస్తారు. నేను ఒక ఆదివారం అన్నతో షెడ్డుకు వెళ్ళి గాగుల్స్ పెట్టుకుని గంటసేపు గ్రైండరు పట్టాను. విశాఖ ఉక్కపోత సంగతి మీకు తెలుసు. పది నిమిషాల్లో అద్దం లోపల ఆవిరి పట్టింది. తుడిస్తే చెమట మరక. ఇరవై నిమిషాలకు గీత కనబడక డిస్కు పక్కకు పోయింది. ఆ ప్లాస్టిక్ అద్దం అప్పటికే గీతలు పడి మసకబారి ఉంది. "కనపడకపోతే ఏలు తెగిపోద్ది. కన్నా, ఏలా, ఏదో ఒకటి సెప్పు" అన్నాడు మేస్త్రి. దీనికి జవాబు లేకపోలేదు. గాలి పోయే రంధ్రాలున్న గాగుల్స్ ఉన్నాయి, ఆవిరి పట్టని పూత ఉన్న అద్దాలున్నాయి, మొహమంతా కప్పే షీల్డులున్నాయి. కంటి రక్షణ సాధనాలకు ఐ.ఎస్. 5983 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. కానీ మేస్త్రి చెప్పినది నిజమైన కష్టమే. దాన్ని వినకుండా గోడ మీద "కళ్ళు కాపాడుకొనుము" అని రాస్తే ఎవరూ చదవరు.

చట్టం ఈ విషయం ఎప్పుడో గుర్తించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను ప్రకారం ముక్కలు ఎగిరే పనుల్లోనూ, తీవ్రమైన వెలుగు ఉండే పనుల్లోనూ తెరలు గానీ తగిన గాగుల్స్ గానీ యజమానే ఏర్పాటు చేయాలి. 114వ సెక్షను ప్రకారం వాటి ఖర్చు కార్మికుడి దగ్గర వసూలు చేయరాదు. 2025 నవంబరు 21 నుండి ఆ పాత చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పూర్వం 10 మంది ఉంటే చాలు, కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. ఆరుగురున్న షెడ్డు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే.

వైద్యం సంగతీ అంతే. ఒకే ఊళ్ళో ఒకే రకం నలుసుకు ఎన్ని రకాల దారులున్నాయో చూడండి. ఉక్కు ఫ్యాక్టరీ పర్మనెంటు ఉద్యోగికి ఉక్కునగరంలో జనరల్ హాస్పిటల్ ఉంది. పోర్టు ఉద్యోగికి సాలిగ్రామపురంలో గోల్డెన్ జూబ్లీ హాస్పిటల్ ఉంది. ఇ.ఎస్.ఐ. కార్డున్న కాంట్రాక్టు కార్మికుడికి మల్కాపురం ఆసుపత్రి ఉంది. కార్డు లేని మా అన్నలాంటి వాడికి మొదట మెడికల్ షాపు, తర్వాత వాల్తేరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం పెద్ద వైద్యానికి అండే గానీ, పోయిన చూపుకు పరిహారమిచ్చేది కాదు.

ఇ.ఎస్.ఐ. అంటే చాలామంది మందుల చీటీ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2019 జూలై నుండి ఉన్న రేటు ప్రకారం కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. అన్న జీతం నెలకు 12,000. అంటే అన్న వాటా 90 రూపాయలు, ఓనరు వాటా 390. ఇది కట్టి ఉంటే పని చేయలేని ఐదు వారాలకూ జీతంలో 90 శాతం లెక్కన భత్యం వచ్చేది. పనిలో దెబ్బ తగిలితే ఇన్నాళ్ళు చందా కట్టి ఉండాలనే నియమం కూడా లేదు, చేరిన మొదటి రోజు నుండే హక్కు. చట్టంలోని పట్టిక ప్రకారం ఒక కంటి చూపు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, కన్నే పోతే 40 శాతం, ఒక కంటి చూపు కొంత తగ్గితే 10 శాతం. 12,000లో 90 శాతం 10,800. దానిలో 10 శాతం 1,080. నెల నెలా ఆ డబ్బు జీవితాంతం వచ్చేది. పదిమంది కంటే తక్కువున్న చోట కూడా యజమానీ పనివాళ్ళూ ఇష్టపడితే చేరే వీలు కొత్త కోడ్‌లో ఉంది. ఇష్టపడడమన్నదే అసలు చిక్కు.

ఇ.ఎస్.ఐ. లేనివాడికి 1923 నాటి పరిహార చట్టపు లెక్క వర్తిస్తుంది. దీనికి పదిమంది ఉండాలన్న షరతు లేదు. జీతంలో 60 శాతాన్ని, వయస్సును బట్టి ఇచ్చిన ఒక గుణకంతో హెచ్చవేయాలి. ఇరవై ఏళ్ళవాడికి ఆ గుణకం 224. అంటే 7,200ను 224తో హెచ్చిస్తే 16,12,800. అందులో 10 శాతం 1,61,280 రూపాయలు. వైద్యం ఖర్చు వేరు. ఇది ఓనరు తన జేబులోంచి ఇవ్వవలసినది. నెలకు 390 మిగుల్చుకున్నవాడి మీద పడే బరువు ఇది. గాగుల్స్ ఖరీదు చెప్పనే అక్కర్లేదు. మా నాన్నలాంటి రైతుకు అడగడానికి ఓనరే లేడు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో ఒక కన్ను పూర్తిగా పోయినవాడికి లక్ష వస్తుంది. చూపు తగ్గినవాడికి రాదు.

ఈ మొత్తంలో నాకు కొత్తగా తెలిసిన మనిషి ఆప్టోమెట్రిస్టు. కళ్ళజోళ్ళ షాపులో కూర్చునేవాడే కదా అనుకునేవాణ్ణి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఈ వృత్తికి కూడా స్థానం ఇచ్చారు. చూపు కొలవడం, పవర్ ఉన్న రక్షణ అద్దాలు అమర్చడం, నలుసు ఎంత లోతులో ఉందో చూసి డాక్టరు దగ్గరకు పంపడం, ఇవన్నీ షెడ్ల దగ్గరకే వచ్చి చేయగలిగిన పనులు. నలభై దాటిన మేస్త్రి దగ్గరి చూపు తగ్గి, గీత కనబడక మొహం ఇంకా ముందుకు వంచుతాడు, నిప్పురవ్వలకు ఇంకా దగ్గరౌతాడు. అతనికి కావలసింది చదువుకునే అద్దాలు. 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిస్తే వారి ఉత్పత్తి సుమారు 22 శాతం పెరిగింది. ఆకు కోతకే అంత తేడా ఉంటే అర మిల్లీమీటరు గీత మీద పనిచేసేవాడికి ఎంత ఉంటుందో మన ఎకనామిక్సు మిత్రులెవరైనా లెక్క కట్టవచ్చు. ఆటోనగర్ ఎంతో దూరం లేదు.

మళ్ళీ అన్న సంగతి. మానిన తర్వాత అదే షెడ్డులో చేరాడు. ఓనరు మందుల ఖర్చూ, మూడు వేల రూపాయలూ ఇచ్చాడు. చెడ్డవాడు కాదు, షెడ్డు అద్దె కట్టలేక తానూ అప్పుల్లో ఉన్నవాడే. పైగా మా ఊరివాడే. పరిహారం కోసం కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వవలసిన ఫారం తెచ్చి నేనే నింపాను. "సంతకం ఎట్టీమంటే ఎడతాను గానీ, రేపు నాకు పనెవడిస్తాడ్రా?" అన్నాడు అన్న. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెదనాన్నతో మాట్లాడి తేలుద్దామని అనుకున్నాం. ఈలోగా అన్న పూర్ణా మార్కెట్లో రంధ్రాలున్న గాగుల్స్ రెండు కొన్నాడు. ఒకటి తనకి, రెండోది ఎదురుగా ముక్క పట్టుకునే కొత్త కుర్రాడికి.